పిట్ట కంటికి ఆనని బట్టలు

ఆరుద్ర కార్తె, సోమవారం

ఈ రోజు కూడా పిల్ల సరిగా తినలేదు.

పొద్దున్నే వలబుట్టతో తిరిగి మిడతలు పట్టాను. చల్లటి వేళ అవి మందంగా ఉంటాయి, ఎండెక్కితే చేతికి చిక్కవు. డబ్బా నిండాక పిట్టల కేంద్రం వాళ్లు ఇచ్చిన ఊసరవెల్లి అంగీ తొడుక్కున్నాను. మెడ దగ్గరున్న మీట నొక్కితే చాలు, చుట్టూ ఏ రంగు ఉంటే ఆ రంగుకు మారిపోతుంది. గడ్డిలో కూర్చుంటే నా మోకాలు నాకే కనపడదు. తర్వాత కుడిచేతికి తల్లి తల తగిలించుకున్నాను. అది బట్టమేక పిట్టల్లో పెట్ట తలలా చేసిన తొడుగు. బూడిదరంగు మెడ, నెత్తిన నల్లటి టోపీ, చెక్క ముక్కు. వేళ్లు కదిపితే ముక్కు తెరుచుకుంటుంది. గొంతులో దాచిన చిన్న డబ్బా తల్లిలాగే పిలుస్తుంది.

పాకుతూ కంచెలోకి వెళ్లాను. పిల్ల తల్లి తలను చూసి రెండడుగులు ముందుకు వేసింది. అంతలో మబ్బు తొలగి ఎండ పడింది. అంతే, నేలకు అతుక్కుపోయింది. మెడ చాచి మట్టిలో పెట్టేసి, ఊపిరి కూడా తీయనట్టు పడుకుంది. గద్ద నీడ పడితే పిల్లలు అలా పడుకుంటాయి. ఆకాశంలో గద్ద లేదు. అక్కడున్నది నేనొక్కదాన్నే.

మబ్బు పట్టినప్పుడు కాస్త తింటుంది. ఎండ కాస్తే ఇదే వరస. ఒళ్లు చేయాల్సిన వయసులో పిల్ల తరుగుతోంది.

సాయంత్రం పలక తెర మీద ఇందుమతి మేడంతో మాట్లాడాను. కేంద్రంలో గుడ్ల పనంతా ఆమెదే. బట్టమేకలన్నీ పోయాక, ఎప్పుడో మంచులో దాచి ఉంచిన కణాల నుంచి మళ్లీ గుడ్లు పుట్టించడానికి ఆమెకు సగం జీవితం పట్టింది. ఈ మైదానానికి మూడు గుడ్లు పంపింది. రెండు పిల్లలు కాలేదు.

"అంగీ ఏమైనా పాడయిందా కుళ్లాయమ్మా?" అంది.

"లేదు మేడం. తొడుక్కుంటే నాకే నేను కనపడను."

"మరి దేన్ని చూసి బెదురుతోంది?"

ఇద్దరికీ తెలియలేదు. ఆమె, "ఇలాగే ఉంటే వచ్చే వారం ఎగిరే పెట్టె పంపి పిల్లను వెనక్కి తెప్పిస్తాను. ఇక్కడ గదిలో చేత్తో తినిపిస్తే బతుకుతుంది," అంది.

బతుకుతుంది, నిజమే. మనిషి కనపడితే ఎదురొచ్చే పిట్టగా బతుకుతుంది. మొదట్లో అలా పెంచినవన్నీ బోనుల్లోనే ముసలివయ్యాయి. ఆ తర్వాత పక్క మైదానంలో మనిషి బదులు మరతల్లిని పెట్టారు. ఆ పిల్లలు బాగా పెరిగాయి. పెరిగి పొలాల్లోకి వెళ్లి, కోతమర కనపడితే తల్లి వస్తోందనుకుని ఎదురెళ్లాయి.

అందుకే నన్ను పెట్టారు. పెంచాలి, కానీ నేనున్నట్టు దానికి తెలియకూడదు.

ఆరుద్ర, శుక్రవారం

సరుకుల బండిలో మాబున్ని వదిన దిగింది. ఆ బండికి డ్రైవరు ఉండడు. వారానికోసారి వచ్చి నీళ్లూ బియ్యమూ దించి తనంతట తనే వెళ్లిపోతుంది. వదిన దారి పొడుగునా దాంతో మాట్లాడుకుంటూ వచ్చిందట.

"ఊ అంటే ఒట్టు మే. పొగరుబోతు బండి," అంది సంచీ దించుకుంటూ.

ఆమె మా అన్న భార్య. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. అన్న సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ఓడ మీద పనిచేస్తాడు, వానలు అయ్యాకగానీ ఇంటికి రాడు. ఈ మధ్యే వదినకు రెండు కళ్లకూ ఆపరేషన్ చేసి కొత్త లెన్సులు పెట్టారు. కొన్నాళ్లు ఊరి దుమ్ముకు దూరంగా ఉండమన్నారని నా దగ్గరికి వచ్చింది. కంచె చుట్టుపక్కల మాట్లాడకూడదనీ, పిల్లకు కనపడేలా తిరగకూడదనీ చెప్పాను. బుద్ధిగా తలూపింది.

మధ్యాహ్నం మేత డబ్బా నిండుగానే వెనక్కి తెచ్చుకుంటూ గడ్డిలో నడుస్తున్నాను. వదిన వసారాలో నాపరాయి మీద కూర్చుని ఉంది. ఈ అంగీలో నన్ను ఎవరు చూస్తారులే అని నా మానాన నేను కళ్లు తుడుచుకుంటూ వస్తున్నాను.

"కుళ్లాయీ! ఏందే ఆ నీలిమంట?"

ఆగిపోయాను. "నేను నీకు కనపడతాండానా?"

"కనపడకేం! గ్యాసు పొయ్యి మాదిరి ఎలుగుతాండావు, ఒళ్లంతా. ఏడుస్తాండావా ఏంది?"

పరుగున వసారాలోకి వెళ్లి అంగీ విప్పాను. నీడలో మామూలు గుడ్డే అంది. ఎండలోకి పట్టుకెళ్తే మళ్లీ నీలిమంట అంది. నాకు మాత్రం ఎండలో అసలు అంగీయే కనపడటం లేదు, గడ్డి కనపడుతోంది.

"డాక్టరు చెప్పినాడులే," అంది వదిన. "ఈ లెన్సులు పాత సరుకంట. ఎండలో మన కంటికి ఆనని రంగొకటి ఉంటాదంట. అది నాకు ఆనుతాదంట. కావాలంటే మారుస్తామనిరి. మల్లెపూలు ఊదాగా కనపడతాండాయి, బాగుండాది, మార్చొద్దులే అంటి."

నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. తలమీద చెయ్యివేసి నిమిరింది.

ఆరుద్ర, శనివారం

విషయం మేడంకు చెప్పాను.

"పిట్టలకు ఆ రంగు పుట్టుకతోనే కనపడుతుంది కుళ్లాయమ్మా. ఆ అంగీ నేసినవాళ్లు మనిషి కంటితోనే సరిచూసుకున్నారు. నేనైనా అడగాల్సింది." గొంతులో చిరాకు లేదు, దిగులుంది. "కొత్తది నేయించేసరికి చలికాలం వస్తుంది. గురువారం పెట్టె పంపుతాను."

"మేమే కుట్టుకుంటాం మేడం."

"దేంతో కుడతారు?"

అది నాకూ తెలియదు. కుడతామని అన్నాను, అంతే.

ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ తెచ్చి ఎండలో పరిచాము. వదిన సంతకు వచ్చినదానిలా చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచింది. నా ఖాకీ చొక్కా నీలం. దుప్పటి నీలం. వానకోటు అయితే "భగ్గుమంటాండాది, తియ్యి తియ్యి" అంది. సబ్బుపొడితో ఉతికిన ప్రతిదీ ఆమెకు తేడాగానే కనపడింది. ఆమె తెచ్చుకున్న పాత నూలుచీర ఒక్కటి మాత్రం చప్పగా ఉందట. అది ఎప్పుడూ కుంకుడుకాయతో ఉతికిందే.

చివరికి బియ్యం వచ్చిన గోనెసంచుల దగ్గర ఆగింది. ఒకటి తీసి గడ్డి మీద వేసింది. వెనక్కి జరిగి చూసింది. మళ్లీ ముందుకు వచ్చి చూసింది.

"ఇది గడ్డిలో కలిసిపోయింది మే. రెండూ ఒకటే."

ఇంట్లో ఉన్న గోనెలన్నీ ఖాళీ చేశాము. బియ్యం బిందెల్లోకీ, కంది బేడలు అన్నం గిన్నెల్లోకీ చేరాయి.

పునర్వసు కార్తె, మంగళవారం

చేతులు మండుతున్నాయి. గోనె అల్లిక విప్పి నార లాగడం చూసినంత తేలిక కాదు. వేళ్ల సందుల్లో కోసుకుపోతుంది.

నీళ్లతొట్టి మీద ఆకులు పడకుండా కప్పే నూలువల ఒకటి ఉంది. దాన్నే అడుగుగుడ్డగా తీసుకున్నాను. నెత్తి మీద నుంచి మోకాళ్ల కిందికి వచ్చేలా కత్తిరించి, మోచేతులకూ మోకాళ్లకూ గోనెముక్కలు రెండు మడతలు వేసి కుట్టాను. గడ్డిలో పాకేది వాటి మీదే కదా. గుండీలు వద్దనుకున్నాను, మెరుస్తాయి. నాడాలు పెట్టాను.

లాగిన నారలో ఒక భాగాన్ని తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో వేశాను. కొంత ఎర్రమట్టి నీళ్లలో నానబెట్టాను. మిగిలింది ఉన్నట్టే ఉంచాను. ఆకుపచ్చ మాత్రం అద్దలేదు. ఏ రోజు గడ్డి ఆ రోజు కోసి వల కన్నుల్లో దోపుకోవడమే మంచిదనిపించింది. మైదానం రోజుకో రంగులో ఉంటోంది.

వలను నేలలో పాతిన రెండు రాతికూసాల మధ్య కట్టి, నార ముడివేసే పని వదినకు అప్పజెప్పి, నేను మిడతలకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వీపు భాగమంతా అయిపోయింది. వదినకు పూలు కట్టే చెయ్యి. ఒక వరస తుమ్మరంగు, ఒక వరస ఎరుపు, ఒక వరస గోనెరంగు, మల్లెచెండు కట్టినట్టు ఒత్తుగా, సమానంగా కట్టింది. ఎంతో ముచ్చటగా ఉంది. వంగి ఆ వరసల మీద వేలు నడిపాను.

"ఏందే, బాగలేదా?"

"చానా బాగుండాది వదినా. గడ్డికి వరసలుండవు గదా."

ఆమె మొహం చిన్నబోయింది. వలను చూసింది, మైదానం వైపు చూసింది. "నిజమే. తలతిక్కగా మొలుస్తాది గడ్డి," అంది. ఇద్దరం కూర్చుని అన్నీ విప్పేశాము. ఈసారి నేను కళ్లు మూసుకుని చేతికొచ్చిన నార తీసి ఇస్తే ఆమె చేతికొచ్చిన చోట కట్టింది. ఒకచోట గుబురు, ఒకచోట బోడి. "మా అమ్మ చూస్తే నా చేతులు ఇరగ్గొడతాది," అని నవ్వుతూనే ఉంది.

అది తొడుక్కుని కొంచెం దూరంలో కూర్చున్నాను. "కనపడతాండానా?"

"ఆగు. ఈడ నిలబడి చూస్తే ఏం తెలుస్తాది? అది యాడుండి చూస్తాదో ఆడికి పోవల్ల." కీళ్లనొప్పులతో మూలుగుతూనే వదిన నేలమీద బోర్లా పడుకుని, గడ్డం మట్టికి ఆనించింది. చాలాసేపు చూసింది.

"నెత్తి తెలుస్తాండాది. బుజాలు తెలుస్తాండాయి. మనిషి గడ్డి కట్టుకోనొచ్చినట్టుండాది మే, గడ్డి మాదిరి లేదు."

మళ్లీ విప్పాను. భుజాల మీద బోదగడ్డి కట్టలు పెట్టి మెడ లేకుండా చేశాము. ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు జారినట్టు. మొహానికి పలచటి గోనెతెర, చేతులకు గోనె తొడుగులు. తలకు నూనె మానేశాను. వదిన మళ్లీ పడుకుంది, మళ్లీ తల అడ్డంగా ఊపింది. కదలిక తప్పట. గాలి లేనప్పుడు కదిలే గడ్డి ఎక్కడా ఉండదు. గాలి వీచినప్పుడు గడ్డితో పాటు ఊగుతూ కొంచెం జరగాలి, గాలి ఆగితే ఆగాలి. వాకిట్లోనే ఎండంతా అది నేర్చుకున్నాను.

చివరికి ఒకసారి ఆమె నేలమీద నుంచే కేకేసింది. "కుళ్లాయీ, యాడుండావే?"

ఆమెకు చేతికందే దూరంలో ఉన్నాను.

పునర్వసు, గురువారం

మధ్యాహ్నం, మబ్బు లేదు. కావాలనే ఎండ నిలువునా పడే వేళకు వెళ్లాను. పెట్టె వచ్చేలోగా తెలియాలి.

పాకాను. ఆగాను. గాలి కోసం చూశాను. గోనెతెరలోంచి చెమట కళ్లలోకి దిగుతోంది, తుడుచుకోవడానికి లేదు. పిల్ల కంచె మూల నీడలో నిలబడి ఉంది. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. తల్లి తలను గడ్డిలోంచి మెల్లగా పైకెత్తి, గొంతు డబ్బా మీట నొక్కాను.

పిల్ల చూసింది. ఎండ నా వీపు మీద పడుతూనే ఉంది. అది నేలకు అతుక్కోలేదు. మెడ ఒక పక్కకు వంచి, ఇంకో పక్కకు వంచి, నడిచి వచ్చింది. చెక్కముక్కులో ఉన్న మిడతను లాక్కుంది. మింగింది. నోరు తెరిచి ఇంకోటి అడిగింది.

డబ్బా ఖాళీ అయ్యాక కూడా వెళ్లలేదు. భుజం మీది బోదగడ్డిని ముక్కుతో పొడిచి చూసింది. దాని ఈకలు అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. గోధుమరంగు మీద నల్లటి చారలు, మధ్యలో మరకలు. ఎవరు కుట్టి ఇచ్చారో దానికి, ఒక్క వరస కూడా సమానంగా లేదు.

ఇంటికి వచ్చేసరికి కేంద్రం పెట్టె రెక్కలు ఆపి వాకిట్లో వాలి ఉంది. వదిన దాని పక్కనే చేటలో బియ్యం చెరుగుతోంది, నా మొహం చూడగానే చేట పక్కన పెట్టేసింది. ఖాళీ పెట్టెను మూతవేసి వెనక్కి పంపాము. పలకలో మేడం మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

"చారలతో బుడంకాయ మాదిరి ఉండాదంటివే ఒళ్లు," అంది వదిన భోజనాల దగ్గర. "అయితే అదే పేరు. బుడంకాయ."

పేర్లు పెట్టకూడదని నియమం. కేంద్రం ఈ ఏటి లెక్కల్లో అది ఏడో గుడ్డు. నేను ఆ సంగతి చెప్పలేదు.

పుష్యమి కార్తె, బుధవారం

ఐదు రోజులుగా ముసురు. గోనె తడిస్తే ఇంత బరువెక్కుతుందని తెలియదు. పాకుతుంటే ఎవరినో వీపున మోస్తున్నట్టుంది. పల్లేరుకాయలు నారలో చిక్కుకుని మోకాళ్లకు గుచ్చుకుంటున్నాయి. రోజూ ఇంటికొచ్చాక వదిన నా మెడ, చెవుల వెనక వెతికి నెత్తురు పీల్చే గోమార్లు తీస్తోంది.

పచ్చగడ్డి పెరిగింది. నిన్నటిదాకా దోపుకున్న ఎండుగడ్డి ఇవాళ పనికిరాలేదు. వదిన పొద్దున్నే కొత్తగడ్డి కోసి, అలంకారం చేసినట్టు నా చుట్టూ తిరుగుతూ దోపుతుంది. వంగి చూసి, "పెండ్లికూతురికి గూడా ఇంత చెయ్యల్యా," అంటుంది.

ఈ మధ్యాహ్నం జల్లు పెద్దదయింది. వెనక్కి వచ్చేద్దామనుకునేలోగా బుడంకాయ నా పక్కకు వచ్చి, గోనె అంచును తలతో పైకి తోసి లోపలికి దూరింది. నా డొక్కకు ఆనుకుని కూర్చుంది. వెచ్చగా ఉంది. వాన ఆగేదాకా అలాగే ఉన్నాను. దగ్గు వస్తోంది, ఆపుకున్నాను. ఒక మాట అనాలనిపించింది, ఏదైనా, "పడుకో" అనో "ఏం కాదులే" అనో. అనలేదు. నా గొంతు దానికి తెలియకూడదు. చెయ్యి వేసి నిమరాలని వేళ్లు కదిలాయి. వేళ్లను మట్టిలో గుచ్చుకుని పెట్టుకున్నాను.

మఖ కార్తె, ఆదివారం

బుడంకాయ ఎగిరింది. కంచె తీసేసి కొన్నాళ్లయింది. ఈ రోజు నా ముందు పరుగెత్తి, పరుగెత్తి, నేలను వదిలేసింది. తుమ్మచెట్టంత ఎత్తుకు లేచి, చుట్టూ తిరిగి, దిగలేక గడ్డిలో బోల్తా పడింది. లేచి దులుపుకుని ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూసింది. గోనెతెర వెనక నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ఇంటికొచ్చి వదినకు ఆ పరుగు చేసి చూపించాను. ఇద్దరం నవ్వుతుండగానే మేడం పలక మీదికి వచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఎగిరిందంటే ఇక మైదానం దాటుతుంది కుళ్లాయమ్మా. మనిషిని అది ఇంతవరకూ చూడలేదు. చూడలేదు కాబట్టి భయం కూడా లేదు. వానలు తగ్గగానే కాలువ పనివాళ్లు వస్తారు. కుక్కలు వస్తాయి, ఉచ్చులు పెట్టేవాళ్లూ వస్తారు. మనిషి కనపడితే పారిపోవాలని ఎవరో ఒకరు దానికి నేర్పాలి."

"ఎట్లా నేర్పాలి మేడం?"

"తరిమి. అది జన్మలో మరిచిపోకూడదు."

గిన్నెలు సర్దుతున్న వదిన లేచి నా పక్కకు వచ్చి కూర్చుంది.

పుబ్బ కార్తె, మంగళవారం

వదినే ముందుకు వచ్చింది. "నువ్వు గడ్డిలోనే ఉండు. నేను తరుముతాలే. నాకేం, అది నా సేతి కూడు తినల్యా."

వెలుతురు బాగా వచ్చాక తెల్లచీర కట్టుకుని, పళ్లెమూ గరిటా పట్టుకుని మైదానంలోకి వచ్చింది. నేను గోనె కప్పుకుని బుడంకాయకు కొంచెం దూరంలో ఉన్నాను. ఇప్పుడది మేకంత ఉంది. గడ్డిలో తల ఎత్తి వదినను చూసింది.

వదిన పళ్లెం మోగిస్తూ, "హోయ్! హోయ్!" అని అరుస్తూ, కీళ్లనొప్పి మరిచిపోయి పరుగెత్తింది. బుడంకాయ బెదిరింది. రెక్కలు విప్పింది. పైకి లేస్తుందనుకున్నాను. లేవలేదు. తిరిగి నా వైపు పరుగెత్తుకొచ్చి, గోనె అంచు తలతో తోసి, పట్టనంత ఒంటిని నా కిందికి దూర్చేసింది. దాని గుండె నా పొట్టకు దడదడా కొట్టుకుంటోంది.

పళ్లెం చప్పుడు ఆగిపోయింది. వదిన దూరంగా నిలబడి చూసింది. వెనక్కి తిరిగి, పళ్లెం చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నేను ఇల్లు చేరేసరికి వసారాలో కూర్చుని కళ్లొత్తుకుంటోంది. డాక్టరు కళ్లు తడపొద్దన్నాడని గుర్తుచేశాను.

"మనిషిని చూసి ఉరుకొచ్చి మనిషి కిందనే దూరె గదే," అంది. "ఆ గోనె ఉన్నంతవరకు దానికి రెక్కలతో పనేముంది?"

పుబ్బ, శుక్రవారం

రెండు రోజులు గోనె తొడుక్కోలేదు. మేత పెట్టలేదు. దూరదర్శినితో చూస్తే తనంతట తనే మిడతలు పట్టుకుంటోంది. మధ్యమధ్యలో మెడ చాచి నేను వచ్చే దారి చూస్తోంది.

ఈ ఉదయం సబ్బుపొడితో ఉతికిన నారింజరంగు చీర కట్టుకున్నాను. తలకు నూనె రాసుకున్నాను. వదిన దగ్గర పళ్లెం అడిగాను.

"నేను గూడా రానా?"

"వద్దులే వదినా."

ఆమె పళ్లెం ఇస్తూ చేతిని వదల్లేదు. "నిన్ను హాస్టల్లో ఇడిసిన దినం గేటు కాడ నువ్వు ఏడుస్తాంటివి. నేను తిట్టిపోసినా, గుర్తుందా? అందరి ముందర. తిట్టకుండా ఉంటే నా ఎనకే వస్తావని."

గుర్తుంది. చాలా ఏళ్లు కోపం కూడా ఉండేది. ఆమె భుజానికి తల ఆనించి, బయల్దేరాను.

నిలబడి నడిచాను. ఆ మైదానంలో నేను నిలబడి దాని వైపు నడవడం అదే మొదటిసారి. గడ్డి ఇంత పొట్టిదా అనిపించింది. బుడంకాయ నన్ను చూసింది. ఎగరలేదు. మెడ ఒక పక్కకు వంచి, ఇంకో పక్కకు వంచి చూసింది. నా నడకలో ఏం కనిపెట్టిందో, ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో అడుగు వేసింది.

అరవాలి. గొంతు రాలేదు. ఇన్నాళ్లు దాని దగ్గర నొక్కి పెట్టిన గొంతు, ఒక్కసారిగా అరవమంటే ఎలా వస్తుంది? అది ఇంకో అడుగు వేసింది. ఇంకాస్త ఉంటే నా కొంగు పొడిచి చూసేది.

"పో!" అన్నాను. మొదటిసారి పిలిచినట్టే వచ్చింది ఆ మాట. పళ్లెం బలంగా కొట్టాను. "పో! పోవే బుడంకాయా! పో!" పరుగెత్తాను. మట్టిపెళ్లలు తీసి దాని కాళ్ల పక్కన విసిరాను. అది అదిరిపడి వెనక్కి గెంతింది. గడ్డిలో అటూ ఇటూ వెతికింది. దేనికోసం వెతుకుతోందో నాకు తెలుసు. అది ఎక్కడా లేదు. నేను పళ్లెం కొడుతూ మీదికి వెళుతూనే ఉన్నాను, ఏమేం తిట్టానో తెలియదు.

పరుగెత్తింది. లేచింది. తుమ్మచెట్ల మీదుగా, ఎర్రదిబ్బల మీదుగా, చుట్టూ తిరగకుండా తిన్నగా పోయింది. రెక్కల చప్పుడు కూడా వినపడనంత దూరం పోయాక కూడా నేను పళ్లెం కొడుతూనే ఉన్నాను. వదిన వచ్చి నా చేతిలోంచి తీసుకుంది.

హస్త కార్తె, బుధవారం

వదిన ఊరికి వెళ్లిపోయింది. అన్న వచ్చే నెల. వెళ్లేటప్పుడు బండి ఎక్కి, "ఈసారైనా మాట్లాడు," అని దాన్ని కసిరింది.

ఈ రోజు కాలువ పనివాళ్లు మైదానం అంచున దిగారు. అందులో ముగ్గురు నన్ను చూసి దగ్గరికి వచ్చారు. పెద్దవయసాయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ అడిగాడు.

"ఈడ బట్టమేక ఉండాదంట గదమ్మా. మా నాయన చెప్తాంటే ఇనుండాము గానీ ఎప్పుడూ సూడల్యా. యాడుండాది?"

పలక తీసి చూశాను. బుడంకాయ కాలికి గుడ్డులోంచి వచ్చిన నాడే కేంద్రం వాళ్లు చెప్పినట్టు, కాలితో పాటు సాగే కడియం వేశాను. అది ఎక్కడుందో పలకలో చుక్కలా కనపడుతుంది. కొన్నాళ్లుగా మళ్లీ ఈ మైదానంలోనే తిరుగుతోంది. ఆ చుక్క మా ముందే ఉంది. రాయి విసిరితే తగిలేంత దగ్గర.

"ఈ పక్కనే ఉంది," అన్నాను.

నలుగురం చూశాము. పండిన గడ్డి గాలికి వంగి లేస్తోంది. ఒక కుర్ర తుమ్మ, రెండు రాళ్లు, మిగిలిందంతా గడ్డి. వాళ్లు కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని చూశారు. పక్కకు జరిగి చూశారు. గట్టిగా మాట్లాడుకున్నారు. ఏదీ కదల్లేదు.

"నీకు కనపడతాందా తల్లీ?" అన్నాడు పెద్దాయన.

"లేదు," అన్నాను. నిజంగానే కనపడలేదు. నేను దాన్ని అంత బాగా ఎరుగుదును, అయినా నా కంటికి ఒక్క ఈక కూడా ఆనలేదు.

పని వేళ అయిందని వాళ్లు వెళ్లిపోయారు. నేను అక్కడే నిలబడ్డాను. చుక్క కూడా అక్కడే ఉంది. మట్టికి మెడ ఆనించి, ఊపిరి బిగబట్టి, నన్ను చూస్తూ ఉంటుంది. ఎండ ఎక్కుతోంది. అది మేసే వేళ. నేను ఇక్కడే ఉంటే తల ఎత్తదు.

ఎండుగడ్డిని కాళ్లతో గట్టిగా చప్పుడు చేస్తూ, నేను పోతున్న సంగతి దానికి బాగా వినపడేలా, ఇంటివైపు నడిచాను.